దేవకుమారి చలి సామాను

నల్లమడపాలెం మిషన్ ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పనిచేసిన దేవకుమారి, జీవితంలో మొదటిసారి మంచును చూడటానికి ముందు ఆ మంచుకు కావలసిన సామాను కోసం రెండు జిల్లాలు తిరిగింది. తిరిగినదంతా వేసవి ఎండలోనే.

పర్చూరు దాటాక నల్లరేగడి చేల మధ్య ఉంటుంది ఆ ఊరు. రోడ్డుకు ఒక పక్క పత్తి, రెండో పక్క మిరప. అక్కడివాళ్లకు తెలిసిన చలల్లా క్రిస్మస్ రోజుల్లో తెల్లారగట్ట ఒక దుప్పటి కప్పుకుంటే పోయేంత చలి. మిగతా కాలమంతా ఎండ. ఉన్ని బట్ట అనేది ఆ ఊళ్లో గొర్రెల ఒంటి మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు.

దేవకుమారి పొడుగు మనిషి. ఆమె ఈల ఊదితే స్కూలు మైదానంలో పిల్లలే కాదు, బస్టాపులో జనం కూడా సర్దుకుని నిలబడేవాళ్లు. భర్త జోసఫ్ ఆర్టీసీ బస్సు కండక్టరు. ఆయన మెళ్లోనూ ఒక ఈల ఉండేది. ఇంట్లో రెండు ఈలలున్నా చెల్లేది మాత్రం అత్త పుల్లమ్మ మాటే. పుల్లమ్మ చిన్నప్పటి నుంచి మిరప చేలల్లో కూలికి పోయి, ఆ కూలితో కొడుకును చదివించిన మనిషి. ఇప్పుడు ఇద్దరు మనవళ్లను పెంచుతూ, తీరిక దొరికితే కాయల తొడిమలు తీసే పనికి పోతుండేది. ఆమె గొంతు తగ్గించి మాట్లాడటం ఎవరూ వినలేదు. చర్చిలో మోకరించి గుసగుసగా చేసుకునే ప్రార్థన కూడా ఆఖరి వరస దాకా వినపడేది.

ఎనభై నాలుగు జనవరిలో స్కూలుకు ఒక సర్క్యులర్ వచ్చింది. హిమాలయాల్లో కొండలెక్కడం నేర్పే ఒక సంస్థ వాళ్లు దేశంలోని ఆడ డ్రిల్లు టీచర్లకు శిక్షణ ఇస్తారనీ, బాగా నేర్చినవాళ్లను ఒక మంచు శిఖరం మీదికి తీసుకుపోతారనీ దాని సారాంశం. హెడ్మిస్ట్రెస్ జయకుమారి గారికి ఒక నియమం ఉంది. పై నుంచి వచ్చిన కాగితం దేన్నీ ఉత్త చేతులతో వెనక్కి పంపకూడదు. ఆమె దేవకుమారిని పిలిచి, "నీ పేరు రాశానమ్మా. ఎటూ పిలవరులే," అంది. అనుభవం అనే చోట ఏం రాయాలో ఇద్దరూ కాసేపు ఆలోచించుకున్నారు. ఏటా గైడ్సు పిల్లల్ని కొండవీడు తీసుకుపోతుంది గనక "కొండవీడు, పలుమార్లు" అని రాశారు. కొండవీడు ఎంత ఎత్తో ఢిల్లీలో ఎవరికీ తెలియకపోవడం వల్లనేమో, మార్చిలో పిలుపు వచ్చింది.

తాళ్లు, డేరాలు, మంచు గొడ్డళ్లు తామే ఇస్తామనీ, బట్టలు, బూట్లు, పడుకునే సంచి వీలైనంతవరకు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలనీ, వీలుకానివాళ్లకు ఉన్నంతలో సర్దుతామనీ ఆ పిలుపులో ఉంది. ఇంకెవరైనా అయితే ఆ ఆఖరి మాట పట్టుకుని హాయిగా ఉండేవాళ్లు. కానీ దేవకుమారి, తెల్ల బూట్లు లేకుండా డ్రిల్లుకు వచ్చిన పిల్లల్ని మైదానం బయట నిలబెట్టే మనిషి. అలాంటిది తను చేతులూపుకుంటూ పోవడం ఆమెకు ఊహకే అందలేదు.

ఇంట్లో సంగతి చెప్పినప్పుడు పుల్లమ్మ రోట్లో పచ్చడి నూరుతోంది.

"ఆ కొండెక్కితే ఏమిత్తారు?" అని అడిగింది.

"సర్టిఫికెట్ ఇస్తారు అత్తా."

"పైన ఏముంటది?"

"మంచు."

"మంచు మన మినప చేలో పడట్లా? పుష్య మాసంలో పోయి నిలబడు, తడిసి ముద్దయిపోతావు."

"ఆ మంచు కాదు. అక్కడ గడ్డకట్టి ఉంటది."

"గడ్డయితే పర్చూరు సోడా కొట్లో ఉంది," అని పుల్లమ్మ పచ్చడిబండ పక్కన పెట్టింది. అంటే ఆ విషయం అక్కడితో సరి అని అర్థం.

సరి కాకపోవడానికి కారణం సుబ్బరావమ్మ. ఆమె వాళ్లకు వీధి అవతల ఉండే రైతు కుటుంబం ఇల్లాలు. పుల్లమ్మ చాలా ఏళ్లు వాళ్ల చేలోనే పని చేసింది. మర్నాడు సుబ్బరావమ్మ గేటు దగ్గర నిలబడి, "పుల్లమ్మా, మీ కోడలు కొండలెక్కడానికి పోద్దంటగా. ఆడమనిషి ఎక్కగలుగుద్దా? కాలో చెయ్యో ఇరగ్గొట్టుకుంటే రేపు ఈలెవరు ఊదుతారు?" అంది. తన కోడల్ని తను అనొచ్చు గాని పక్కవాళ్లు అంటే పుల్లమ్మ పడదు. "ఎందుకెక్కదు? మా పిల్ల ఎక్కుద్ది. ఇంకో కొండుంటే అదీ ఎక్కుద్ది," అని వీధంతా వినపడేలా చెప్పి, లోపలికొచ్చి కోడలితో, "ఏమేం కావాలన్నారో చదువు," అంది. ఆ క్షణం నుంచి సామాను సేకరణ బాధ్యత పుల్లమ్మ చేతుల్లోకి పోయింది.

ముందు గుంటూరు వెళ్లారు. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద తారు చెప్పుకు అంటుకుంటోంది. ఒక పెద్ద బట్టల కొట్లో దేవకుమారి ఉన్ని మేజోళ్లు, ఉన్ని చేతి తొడుగులు కావాలని అడిగింది. కొట్టాయన విసనకర్రతో విసురుకోవడం ఆపి, ఆమె మొహం పరీక్షగా చూసి, గుమాస్తాతో, "అమ్మగారికి కూర్చోడానికి కుర్చీ వేసి మంచినీళ్లియ్యరా," అన్నాడు. స్వెట్టర్లమ్మే నేపాలీలు చలికాలం కాగానే వెళ్లిపోయారని, మళ్లీ కార్తీకంలో గాని రారని ఇంకో కొట్లో చెప్పారు. కళ్లద్దాల కొట్లో ఇంకో చిక్కు వచ్చింది. మంచు మీద ఎండ పడి కళ్లు పోకుండా నల్లద్దాలు కావాలి. దేవకుమారి చలవ కళ్లద్దాలు అడిగింది. పుల్లమ్మ ఆమె మోచెయ్యి పట్టి పక్కకు లాగింది.

"మతుండే అడుగుతన్నావా? పొయ్యేది మంచులోకి. అక్కడ మళ్లీ చలవ అద్దాలేందే? ఏడి అద్దాలుంటే అడుగు."

దేవకుమారి ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. చివరికి కోడలు ఆమెను బయట చెరుకురసం బండి దగ్గర కూర్చోబెట్టి, ఒక్కతే లోపలికెళ్లి కొనుక్కొచ్చింది. కోతిటోపీ మాత్రం ఒక మందుల కొట్టు అరుగు మీద దొరికింది. ఆ కొట్టు ముసలాయన తను పెట్టుకున్నదే తీసిచ్చాడు. ఏప్రిల్‌లో ఆయనెందుకు పెట్టుకున్నాడో వీళ్లు అడగలేదు.

ఉన్ని సమస్య తీర్చింది హెడ్మిస్ట్రెస్ జయకుమారి గారు. చిన్నతనంలో హాస్టల్లో మిషనరీ దొరసానులు ఆమెకు అల్లిక నేర్పారు. నేర్పినవాళ్లు ఓడెక్కి వాళ్ల దేశం వెళ్లిపోయారు గాని, ఆమె అల్లడం మానలేదు. పెళ్లి చేసుకోలేదు. సాయంత్రం పూట వరండాలో కూర్చుని, చెమటలు కారుస్తూ ఉన్ని అల్లేది. అల్లినవాటిని ఎవరికిచ్చినా దండం పెట్టి తీసుకుని కలరా ఉండలతో పాటు పెట్టెలో పెట్టుకునేవాళ్లు. అందుకని ఇవ్వడం మానేసి తన ట్రంకు పెట్టెలోనే దాచుకుంది. దేవకుమారి ఇబ్బంది విని ఆ పెట్టె తెరిచింది. మోకాళ్లు దాటే మేజోళ్లు ఎన్నో జతలు, ఊదా రంగువి, చిలకపచ్చవి. చేతి తొడుగులు. మెడకు చుట్టుకునేవి. దేవకుమారి ఒక జత తొడుక్కుని చూపిస్తే, జయకుమారి గారు కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఎవరో ఒకరు తొడుక్కుంటారని నాకు తెలుసమ్మా," అంది.

పడుకునే సంచి పుట్టడం అంత సులువు కాలేదు. చిలకలూరిపేటలో దూది ఏకి పరుపులు కుట్టే మాబు సాహెబ్ దగ్గరికి వెళ్లారు. ఆయన వింటి నారి మీటుతుంటే గాలంతా దూది పింజెలు ఎగురుతున్నాయి.

"కొలత ఏ మంచానిది?" అని అడిగాడు.

"మంచం లేదు. నా కొలతే. కాళ్ల దగ్గర నుంచి తల దాకా మూసుకుపోవాలి," అంది దేవకుమారి.

మాబు సాహెబ్ విల్లు కింద పెట్టాడు. "అమ్మా, నేను పెళ్లిళ్లకు పరుపులు కుట్టా, బాలింతలకు బొంతలు కుట్టా. బతికున్న మనిషిని తలతో సహా మూసేది కుట్టమంటే నాకు చెయ్యి రాదు."

"మొకం కాడ కన్నం పెట్టయ్యా. గాలాడుద్ది," అంది పుల్లమ్మ.

ఆ కన్నం మాట మీద ఒప్పుకున్నాడు. మంచి దూది, లోటు లేకుండా కూరాడు. అంత పొడుగు జిప్పు ఎక్కడా దొరక్కపోతే, మూడు ప్రయాణపు సంచుల జిప్పులు విప్పి ఒకదాని కింద ఒకటి కుట్టాడు. వాటిలో నడిమిది తిరగేసి పడింది. దాన్ని లోపలివాళ్లు అసలు తీయలేరు, బయటివాళ్లు లాగినా తేలిగ్గా రాదు. ఆ సంగతి కుట్టినాయనకూ తెలియదు, కుట్టించుకున్నవాళ్లకూ తెలియదు.

తెలిసింది ఇంట్లో, ఒక శనివారం పగలు. దేవకుమారి అందులో దూరి పడుకుంది. పుల్లమ్మ మూడు జిప్పులూ వరసగా లాగింది. బయట వడగాలి వీస్తోంది. "సరిపోయింది అత్తా, ఇంక తియ్యి," అని లోపల్నుంచి అంటే, పుల్లమ్మ లాగింది. నడిమి జిప్పు దూదిని కరుచుకుని కదల్లేదు. "కొవ్వొత్తి రుద్దితే వచ్చుద్ది. ఉండు, కొట్టుకు పోయొస్తా," అని పుల్లమ్మ వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే, దేవకుమారి ప్రయాణం కోసం ప్రార్థన చేసిపోదామని పాస్టరు క్రీస్తుదాసు గారు ఇటు వచ్చారు.

గదిలో మంచం మీద పెద్ద మూట, మూట చివర చెమటతో తడిసిన మొహం. ఆయన గడప దగ్గరే ఆగిపోయారు.

"వందనాలు అయ్యగారూ. కూర్చోండి," అంది మూట.

పాస్టరుగారి ముందు పడుకుని ఉండటం బాగోదని దేవకుమారి పక్కకు దొర్లి, ఎలాగో నిలబడింది. నిలబడి రెండు గెంతులు గెంతి ఆయనకు కుర్చీ చూపించబోయింది గాని చెయ్యి లోపల ఉండిపోయింది. క్రీస్తుదాసు గారు సున్నిత మనస్కులు. ఏం జరిగిందని అడగలేదు. అడగకుండా కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థనలు పొడుగ్గా ఉంటాయని ఆ చుట్టుపక్కల పేరు. బస్సు ప్రయాణం, రైలు ప్రయాణం, కొండ ఎక్కడం, దిగడం, అన్నీ విడివిడిగా దేవుడికి అప్పజెప్పారు. మధ్యలో ఒక కన్ను కొంచెం తెరిచి చూసి, "ఈ బిడ్డను బంధించిన సమస్త బంధకాల నుంచి విడిపించుము తండ్రీ," అని కూడా చేర్చారు. అప్పటికి పుల్లమ్మ కొవ్వొత్తితో వచ్చి, తల మీద కొంగు కప్పుకుని, ప్రార్థనకు అడ్డం రాకుండా మోకాళ్ల మీద కూర్చుని జిప్పుకు రుద్దుతోంది. ఆయన ఆమేన్ అనడమూ, జిప్పు ఊడడమూ ఒక్కసారే జరిగాయి. ఆ తర్వాతి ఆదివారం క్రీస్తుదాసు గారి ప్రసంగంలో ఈ ముచ్చట పేర్లు లేకుండా వచ్చింది. పేర్లు లేకపోయినా అందరూ వెనక్కి తిరిగి దేవకుమారి వంక చూశారు.

తర్వాత ఈకల కోటు. పక్షి ఈకలు కూరిన కోటు అయితే చలి దూరదని పిలుపులో రాసుంది. ఆ రోజుల్లో కోతలైన మాగాణుల్లో బాతుల మందలు మేపుకుంటూ తిరిగేవాళ్లు బాపట్ల వైపు దిగారు. పుల్లమ్మ వాళ్లతో బేరమాడి, గోనెసంచి నిండా ఈకలు ఏరుకొచ్చింది. పైగుడ్డ కోసం దర్జీ జానీబీ గొడుగు గుడ్డ అయితే నీళ్లు దిగవని సలహా ఇచ్చింది. నల్ల గొడుగు గుడ్డతో కోటు తయారైంది. వేసుకుంటే దేవకుమారి రెండింతలు కనపడింది. నడిచినచోటల్లా కుట్ల సందుల్లోంచి ఒకటీ రెండూ ఈకలు రాలేవి. చెమట తగిలితే బాతు వాసన. పుల్లమ్మ కడిగింది, ఎండేసింది, సాంబ్రాణి పొగ కూడా వేసింది. దాంతో సాంబ్రాణి పట్టిన బాతు వాసన వచ్చింది. వీధిలో పిల్లులన్నీ వాళ్ల వరండాలో చేరాయి. మాట తక్కువ మనిషి జోసఫ్ డ్యూటీ దిగి వచ్చి, గోడకు వేలాడుతున్న కోటును చాలాసేపు చూశాడు.

"బస్సెక్కితే దీనికి లగేజీ కొట్టాలా, ఫుల్ టిక్కెట్ కొట్టాలా?" అన్నాడు.

బూట్లు దేవకుమారి తమ్ముడు బాలస్వామి తెచ్చాడు. అతను చీమకుర్తి గ్రానైటు క్వారీలో పని చేస్తాడు. రాయి పడినా వేళ్లు నలగకుండా ముందు భాగంలో ఇనప రేకు ఉన్న బూట్లవి. మగవాళ్ల కొలత. మిగిలిన జాగాలో మాబు సాహెబ్ దూది కూరుకుంది. కొత్త బూట్లు కాళ్లకు అలవాటు కావాలని, చీర కింద అవి తొడుక్కునే స్కూలుకు వెళ్లేది. ఆమె మైదానంలో అడుగేస్తే పక్క తరగతిలో లెక్కల మాస్టారు బోర్డు మీద రాయడం ఆపేవాడు. పిల్లల కవాతు మాత్రం ఎన్నడూ లేనంత బాగా కుదిరింది.

ఒకరోజు సాయంత్రం అకాల వాన కురిసింది. దేవకుమారి అడ్డదారి అనుకుని సుబ్బరావమ్మ వాళ్ల చేనుకు అడ్డం పడింది. తడిసిన నల్లరేగడి సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ పని చెయ్యరు. నాలుగు అడుగులు వేసేసరికి ఒక్కో బూటుకు ఒక్కో చేనంత మట్టి పట్టింది. ఇంకో అడుగుకు బూటు భూమిలో ఉండిపోయి, ఊదా రంగు మేజోడుతో కాలొక్కటే పైకి వచ్చింది. కూలివాళ్లు గునపాలు తెచ్చి బూట్లు తవ్వి తీశారు. గట్టు మీద నిలబడి చూస్తున్న సుబ్బరావమ్మ, "టీచరమ్మా, హిమాలయాలు తర్వాత. ముందు మా చేను దాటు," అంది.

ఆ మాట పుల్లమ్మకు చేరింది. ఆమె రాత్రి అన్నం ముందు కూర్చుని, "సామాను చేసుకున్నాం బానే ఉంది. చలికి ఆగుద్దో లేదో చూసుకోవద్దా?" అంది. "చలి ఎక్కడుంది అత్తా మనకి?" అని దేవకుమారి అడిగితే, "గుంటూర్లో ఉంది. కాయలేసే గదుల్లో," అంది పుల్లమ్మ.

నిజమే. గుంటూరులో మిరపకాయల బస్తాలు చెడకుండా దాచే కోల్డ్ స్టోరేజీలు అప్పటికే ఉన్నాయి. మిరప వ్యాపారి యలమందయ్య కొట్లో పుల్లమ్మ చాలా ఏళ్లు తొడిమలు తీసింది. ఆయన బస్తాలు ఒక కోల్డ్ స్టోరేజీలో ఉండేవి. పుల్లమ్మ వెళ్లి అడిగేసరికి ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అయినా ఆమె గొంతు కొట్టు నుంచి బయటికి పోతే చాలన్నట్టు, మనిషినిచ్చి పంపించాడు.

బయట నిప్పులు కురుస్తున్నాయి. మందపాటి తలుపు తీసి లోపలికి అడుగు పెట్టగానే ఇద్దరూ గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. చీకటిగా, చల్లగా, కప్పు దాకా ఎర్ర బస్తాలు. పుల్లమ్మ గోడను అరచేత్తో ముట్టుకుని, ఆ చెయ్యి బుగ్గకు ఆనించుకుంది. దేవకుమారి ఒక్కొక్కటే తొడుక్కుంది. మేజోళ్లు, బూట్లు, కోటు, కోతిటోపీ, చేతి తొడుగులు, నల్ల కళ్లద్దాలు. ఆ మసక వెలుతురులో అద్దాలతో ఏమీ కనపడక, రెండు చేతులూ ముందుకు చాపి, బస్తాల సందులోంచి మెల్లగా నడిచి వస్తోంది.

అదే సందులోకి హమాలీ మేస్త్రి బుల్లయ్య నెత్తిన బస్తాతో వచ్చాడు. ఎదురుగా నల్లటి భారీ ఆకారం, మొహం లేదు, కళ్ల చోట రెండు గుంటలు, కాళ్ల దగ్గర ఇనప చప్పుడు, చుట్టూ ఈకలు. బుల్లయ్య అరవలేదు. బస్తా వదిలేసి, వచ్చిన దారినే వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాటాక పరిగెత్తాడు. బస్తా పగిలింది. కాయలు చిట్లి, ఘాటు గుప్పున లేచింది. పుల్లమ్మ దగ్గింది, తోడు వచ్చిన మనిషి దగ్గాడు, బయట తూకం వేస్తున్నవాళ్లు దగ్గారు. కారం ఘాటులో పుట్టి పెరిగిన వాళ్లంతా కళ్లు తుడుచుకుంటూ చెట్ల కిందికి చేరారు. కోతిటోపీ, కళ్లద్దాలు ఉన్న దేవకుమారి ఒక్కతే హాయిగా నిలబడి, "ఏమైంది? ఎవరు దగ్గేది?" అని అడిగింది. చలి సంగతి ఇంకా తేలలేదు గాని, ఆ సామాను మిరప ఘాటును మాత్రం ఆపుతుందని తేలింది.

ఘాటు అణిగాక, బుల్లయ్యకు అందరూ కలిసి నచ్చజెప్పాక, మళ్లీ లోపలికి వెళ్లారు. ఈసారి సంచి వంతు. బస్తాల మీద పరిచి, "ముందు నేను చూత్తా," అని పుల్లమ్మ అందులో దూరింది. దేవకుమారి నడిమి జిప్పు జోలికి పోకుండా వదిలేసింది. పక్కనే బస్తా మీద కూర్చుంది. కాసేపటికి, "ఎట్టా ఉంది అత్తా?" అని అడిగింది. వంగి చూస్తే పుల్లమ్మ కళ్లు తెరిచే ఉంది.

"ఇంక లే అత్తా. నా వంతు."

"ఉండవే," అంది పుల్లమ్మ. ఆమె అంత చిన్న గొంతుతో మాట్లాడగలదని దేవకుమారికి అప్పటిదాకా తెలియదు. "పుట్టిన కాడి నుంచి ఎండలోనే ఉన్నా. ఇంకాసేపు పడుకోనియ్యి."

దేవకుమారి ఇంక లేపలేదు. తను పరీక్షించుకోవాల్సినవి ఏమీ పరీక్షించుకోకుండానే, కోటు అత్త కాళ్ల మీద కప్పి, అక్కడే కూర్చుండిపోయింది. సాయంత్రం తలుపు వేసేవాళ్లు వచ్చి పిలిస్తే గాని వాళ్లిద్దరూ బయటికి రాలేదు.

మే మొదట్లో జోసఫ్ ఆమెను విజయవాడలో రైలెక్కించాడు. ఢిల్లీ దాకా పెట్టెలో ఆమె చుట్టూ ఎవరూ కూర్చోలేదు. కోటు వాసన వల్ల విశాలంగా కాళ్లు చాపుకుని వెళ్లింది. అక్కణ్నుంచి బస్సులో, మలుపుల దారిలో కొండల్లోకి.

శిక్షణ సంస్థలో సామాను చూసేది రిటైరైన సుబేదారు ఒకాయన. సన్నటి మనిషి, మర్యాదస్తుడు. ఆమె తెచ్చినవన్నీ బల్ల మీద పెట్టించుకుని ఒక్కొక్కటే చూశాడు. పడుకునే సంచిని ఎత్తబోయి, ఎత్తలేక, దీన్ని మోయడానికి ఇంకో మనిషిని కూడా తెచ్చావా అని హిందీలో అడిగాడు. ఒక మూల మీద మగ్గుడు నీళ్లు పోశాడు. దూది ఆ నీళ్లన్నీ తాగేసింది, ఒక్క చుక్క కింద పడలేదు. ఇక్కడ ఇది తడిస్తే మళ్లీ ఆరదు, తడి దూదిలో పడుకుంటే మనిషి లేవడు అని వివరించాడు. ఇనప రేకు బూట్లు వేళ్లను గడ్డకట్టిస్తాయన్నాడు. కోటు దగ్గర ముక్కు ముడిచాడు. ఎక్కణ్నుంచో ఒక కుక్క వచ్చి దాని కింద కూర్చుంది.

దేవకుమారి చేతులు కట్టుకుని నిలబడింది. చుట్టూ మిగతా రాష్ట్రాల టీచర్లు చూస్తున్నారు. తెల్ల బూట్లు లేక మైదానం బయట నిలబడ్డ పిల్లల మొహాలు ఆమెకు గుర్తొచ్చాయి. ఎండలో వాళ్లు అలా నిలబడి ఏం చూస్తుంటారో అని ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇప్పుడు తెలిసింది. వాళ్లు నేల చూస్తుంటారు.

చివరికి సుబేదారు ఊదా రంగు మేజోళ్లు చేతిలోకి తీసుకున్నాడు. లోపల చెయ్యి పెట్టి, వేళ్లు విప్పి, అటూ ఇటూ సాగదీసి, ఇవి ఎవరు అల్లారని అడిగాడు. మా హెడ్మిస్ట్రెస్ గారు అని చెప్పింది. ఇంత మంచి అల్లిక ఈ స్టోరులో లేదు, ఇంకో జత ఉంటే నాకు ఇస్తావా అన్నాడు. చిలకపచ్చ జత ఆయనకిచ్చింది. మిగతా సామానంతా ఆయన అరువిచ్చాడు. మాబు సాహెబ్ సంచిని వంటమనిషి పట్టుకుపోయి, పొయ్యి పక్కన పరుచుకుని పడుకున్నాడు. శిక్షణ అయ్యేదాకా అతన్ని పొద్దున్నే లేపడం ఎవరి వల్లా కాలేదు.

దేవకుమారి అక్కడ మంచు మీద నడవడం నేర్చుకుంది, జారడం నేర్చుకుంది, జారుతూ గొడ్డలి గుచ్చి ఆగడం నేర్చుకుంది. ఊపిరి అందక గుడారంలో కూర్చుని, కొండవీడు గురించి అలా రాసినందుకు నవ్వుకుంది. అయినా కాళ్లు గట్టివి. రేగడిలో బూట్లు ఈడ్చిన కాళ్లు. ఎంపిక చేసినవాళ్లలో ఆమె పేరు ఉంది. ఆఖరి రోజు తాడుకు కట్టుకున్న వరసలో చివరి మనిషిగా, ఒక అడుగు వేసి నాలుగుసార్లు గాలి పీల్చుకుంటూ, ముందు మనిషి ఆగిపోయేదాకా నడిచింది. ఎందుకు ఆగారని అడిగితే, ఇంక పైన ఏమీ లేదన్నారు.

జూన్ చివర్లో ఇంటికి చేరింది. ముక్కు మీద తోలు ఊడి, మొహం మాడి, పిల్లలు ఒక క్షణం దగ్గరికి రాలేదు. పుల్లమ్మ ముందు స్నానానికి నీళ్లు తోడింది, అన్నం పెట్టింది. ఆమె తింటుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"పైకి ఎక్కావుగా?"

"ఎక్కా అత్తా."

"ఏం కనపడింది?"

"ఏమీ కనపళ్లా. మబ్బు."

పుల్లమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. "అస్సలేమీ కనపళ్లా?"

"నా ముందున్న టీచరు వీపు కనపడింది. ఒక చాక్లెట్ ఇచ్చారు. ముక్కు కారతా ఉంటే తుడుచుకున్నా. దిగమన్నారు, దిగా."

పుల్లమ్మ మళ్లీ గరిటె తీసుకుని అన్నం వడ్డించింది. "ఈపు చూసొచ్చానని బయట ఎవరితోనూ అనబాక," అంది.

సాయంత్రం వరండాలో ఆడవాళ్లు చేరారు. పుల్లమ్మ చేటలో కాయలు పోసుకుని తొడిమలు తీస్తూ చెబుతోంది. లోపల బట్టలు సర్దుకుంటున్న దేవకుమారికి ఆ మాటలన్నీ వినపడుతున్నాయి. పైనుంచి చూస్తే గంగ దారప్పోగులా ఉందట. ఢిల్లీ దీపాలు కనపడ్డాయట. ఆ పక్కన చైనా, ఇళ్లతో సహా. దేవకుమారి చేతిలో చీర అలాగే పట్టుకుని ఆగింది. బయటికి వెళ్లి నిజం చెబుదామా అనుకుంది. వెళ్లింది కూడా.

సుబ్బరావమ్మ ఆమెను చూసి జరిగి చోటిచ్చింది. "టీచరమ్మా, చైనావాళ్లు నిజంగానే కనపడ్డారా? ఏం చేత్తన్నారు?"

దేవకుమారి అత్త వంక చూసింది. పుల్లమ్మ తలెత్తలేదు. చేతులు మాత్రం ఆగాయి.

"వంట చేసుకుంటున్నారండీ," అంది దేవకుమారి.

"ఏం కూర?"

"అంత దూరానికి తెలియలేదు. పొగ కనపడింది."

"బెండకాయే అయ్యుంటది," అంది పుల్లమ్మ మళ్లీ తొడిమ తుంచుతూ. "ఈ రోజుల్లో ఇంకేం దొరుకుద్ది?"